మంచం కింద పెట్టె వెతుకు

అమ్మడూ,

జీతం లేని సెలవు పెట్టి నాన్నను చూసుకోవడానికి వచ్చేస్తున్నావని మీ అమ్మ ఫోను చేసింది. నా తమ్ముడు అదృష్టవంతుడే అనుకున్నాను. ఆ వెంటనే భయం పట్టుకుంది. వాడికి గుండెలో స్టెంటు వేసి నెల కూడా కాలేదు.

బిళ్లలు వేళకు ఇవ్వడం నీకు నేర్పక్కర్లేదు. షుగరు బిళ్ల వేసుకుని అన్నం మానేస్తే చెమటలు, వణుకు రావచ్చు. తెలివిలో ఉంటే వెంటనే పంచదార నీళ్లు పట్టించు. బీపీ బిళ్లతో పొడి దగ్గో పాదాల వాపో వస్తే డాక్టరుకు చెప్పు. ఏదీ నీ అంతట నువ్వు ఆపకు, స్టెంటు బిళ్లలైతే ఒక్క పూట కూడా.

మీ మామయ్య సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. ఆయన గుండెకు ఆస్పిరిన్ వాడేవారు. నాట్లప్పుడు గట్ల మీద తిరిగి మోకాళ్లు పట్టేస్తే మందుల షాపు నుంచి నొప్పి బిళ్లలు నేనే తెప్పించాను. పది రోజులు వేసుకున్నారు. విరేచనం నల్లగా అవుతోందన్నారు. పెరట్లో నేరేడు విరగకాసిన రోజులు. "దోసిళ్లకొద్దీ తింటే నల్లగా కాక ఎర్రగా అవుతుందా?" అని నవ్వాను. తారులా జిగటగా ఉందని, వాసన భరించలేకపోతున్నానని చెప్పినా వినలేదు.

నాలుగో రోజు తెల్లవారకముందే నూతి గట్టు దగ్గర కూలిపోయారు. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం, ఆయన తల ఒళ్లో పెట్టుకుని, అవతల నరసాపురం దీపాలు చూస్తూ కూర్చున్నాను. ఏ మందులు వాడుతున్నారని అక్కడి డాక్టరు అడిగితే గుండె బిళ్లలే చెప్పాను. నొప్పి బిళ్ల కూడా మందేనని నాకు తట్టలేదమ్మా. సంచిలో చిల్లర వెతుకుతుంటే ఖాళీ షీటు బయటపడింది. రెండూ కలిసి కడుపులో పుండు చేశాయట, లోపల రక్తం కారుతోందట. మూడు సీసాల రక్తం ఎక్కించాక కళ్లు తెరిచారు. ఇంటికొచ్చి నేరేడు చెట్టు కొట్టించేయబోతే, పాపం అదేం చేసిందని ఆయనే ఆపారు.

అందుకే విరేచనం ఏ రంగులో అవుతోందో సిగ్గుపడకుండా నాన్నను రోజూ అడుగు. కసురుతాడు, చిన్నప్పటి నుంచీ అంతే. ఐరన్ బిళ్లలతోనూ నల్లబడుతుంది కానీ, ఏది ఏమిటో డాక్టరే తేల్చాలి. ఛాతీ నొప్పి వచ్చినా, పెదవులు వాచి ఊపిరాడకపోయినా ముందు 108కి చేయి, నాకు కాదు.

డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న మందులన్నీ, చెట్టు మందులతో సహా, సంచిలో వేసుకెళ్లు. వాడి మంచం కింద రేకు పెట్టె కూడా వెతుకు. నొప్పి బిళ్లలు అక్కడే దాస్తాడు. నేను చెప్పానని మాత్రం అనకు.

మీ అత్త