లాగిన్ పేజీ దగ్గరే తిరుగుతోంది!

ప్రశ్న: సార్, మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇక్కడ ఒక రైస్ మిల్లు లెక్కల కోసం స్ప్రింగ్ బూట్‌లో (జావా ఫ్రేమ్‌వర్క్) వెబ్ అప్లికేషన్ రాస్తున్నాను. ప్రతి కంట్రోలర్‌లో (రిక్వెస్టుకు జవాబిచ్చే కోడ్) సెషన్ (ఎవరు లాగిన్ అయ్యారో గుర్తుంచుకునేది) చూడలేక, రిక్వెస్టులను ముందే ఆపి చూసే ఇంటర్‌సెప్టర్ పెడితే, రీడైరెక్ట్‌లు (వేరే పేజీకి మళ్లించడాలు) ఎక్కువయ్యాయని బ్రౌజర్ ఆగిపోతోంది. మిల్లు వాళ్లకు వచ్చే వారమే చూపించాలి, ఒకటే టెన్షన్.

జవాబు: మీ ఇంటర్‌సెప్టర్ లాగిన్ పేజీని కూడా ఆపుతోంది, అంతే. లాగిన్ కానివాళ్లను అక్కడికి పంపుతారు, ఆ రిక్వెస్టునూ అదే పట్టుకుని మళ్లీ అక్కడికే తోస్తుంది, టికెట్ కౌంటర్‌కి వెళ్లాలన్నా టికెట్ చూపించమన్నట్టు. ఇంటర్‌సెప్టర్‌ని నమోదు చేసే యాడ్‌ఇంటర్‌సెప్టర్స్‌లో ఎక్స్‌క్లూడ్‌పాత్‌పాటర్న్స్ వాడి లాగిన్ పేజీ, ఆ ఫారం వెళ్లే అడ్రస్, సీఎస్ఎస్, బొమ్మలు వదిలేయండి. ఎర్రర్ పేజీని కూడా! (దాన్ని చాలామంది మరిచిపోతారు, వదిలేసిన సీఎస్ఎస్ లేదా బొమ్మ అడ్రస్ తప్పు కొడితే 404 (దొరకలేదు) బదులు లాగిన్ వచ్చి గంటలు తినేస్తుంది.)

ఇంకోటి, ఇదే అసలు ప్రమాదం. కంట్రోలర్ కంటే ముందు నడిచే ప్రీహ్యాండిల్‌లో రీడైరెక్ట్ రాసి ట్రూ రిటర్న్ చేస్తే కంట్రోలర్ ఎలాగూ నడుస్తుంది, అంటే లాగిన్ కానివాడు పంపిన ధాన్యం ఎంట్రీ నిక్షేపంగా సేవ్ అయిపోతుంది. ఫాల్స్ ఇవ్వాల్సిందే. గెట్‌సెషన్‌కి కూడా ఫాల్స్ ఇచ్చి పిలవండి, లేకపోతే ఊరికే వచ్చినవాడికీ కొత్త సెషన్ పుడుతుంది. అజాక్స్ కాల్స్‌కి (పేజీ మారకుండా వెనకాల వెళ్లే రిక్వెస్టులు) రీడైరెక్ట్ వద్దు, 401 (లాగిన్ కాలేదనే కోడ్) పంపండి.

గుమస్తాకి ఒకటి, యజమానికి ఒకటి అని అనుమతులు కావాలంటే మాత్రం లాగిన్, అనుమతులు చూసుకునే స్ప్రింగ్ సెక్యూరిటీకే వెళ్లండి. భద్రతకు ఇంటర్‌సెప్టర్లు అంత సరిపోవని స్ప్రింగ్ డాక్యుమెంటేషనే చెబుతోంది.