వర్క్ ప్యాకేజీ, బడ్జెట్ రాయడం నేర్చుకుంటే భవిష్యత్తు ఉందా?

ప్రశ్న: మాది వరంగల్. జర్మనీలోని ఒక విశ్వవిద్యాలయంలో భూగర్భ జలాల కాలుష్యంపై పీహెచ్‌డీ రెండో ఏడాదిలో ఉన్నాను. మా ప్రొఫెసర్ మరికొన్ని సంస్థలతో కలిసి, పరిశోధనలకు యూరోపియన్ యూనియన్ ఇచ్చే హారైజన్ యూరప్ నిధులకు దరఖాస్తు పెడుతున్నారు. అందులో మా వాటాకు వచ్చిన వర్క్ ప్యాకేజీని (ప్రాజెక్టులో ఒక విడి భాగం), దాని బడ్జెట్‌ను తయారుచేసే పని నాకు అప్పగించారు. ఈ లెక్కల పని నా పరిశోధనకు అడ్డమేనా, లేక ఇందులో నాకేమైనా భవిష్యత్తు ఉందా?

సమాధానం: ఈ పనిని వదులుకోవద్దు. 2021 నుంచి 2027 వరకు సుమారు 9,350 కోట్ల యూరోలతో నడుస్తున్న ఈ పథకంలో దరఖాస్తు ఎలా తయారవుతుందో లోపలి నుంచి చూసే అవకాశం పీహెచ్‌డీ విద్యార్థులకు అరుదుగా వస్తుంది. అయితే మీ ప్రశ్నలో 'లెక్కల పని' అన్న మాటను ముందు సరిచేయాలి. మొదటిసారి రాసేవారు సాధారణంగా తమ వాటాకు ఇంత సొమ్ము వస్తుందని ముందే అనుకొని, దానికి తగినట్టు పనులు పేర్చుకుంటూ పోతారు. పెళ్లి వంట ఒప్పుకొనే మేస్త్రి మొదట ఎన్ని విస్తళ్లు లేస్తాయని అడిగి, ఆ తరువాతే బియ్యం, పప్పు లెక్క చెబుతాడు. బడ్జెట్ కూడా అలాగే పనిలోంచి పుట్టాలి.

మీ విషయానికే వద్దాం. మూడు ప్రదేశాల్లో 18 నెలల పాటు నెలకొకసారి నీటి నమూనాలు సేకరించడం మీ వర్క్ ప్యాకేజీలో ప్రధానమైన పని అనుకుందాం. అంటే 54 సార్లు సేకరణ. ఒక్కోసారి క్షేత్రంలో రెండు రోజులు, ప్రయోగశాలలో ఒక రోజు పడితే మొత్తం 162 రోజులు అవుతాయి. హారైజన్ యూరప్ లెక్కలో ఏడాదికి పనిదినాలు 215, కాబట్టి నెలకు సుమారు 18. ఒక మనిషి ఒక నెల చేసే పనిని పర్సన్ మంత్ అంటారు; ఆ ప్రకారం ఇది తొమ్మిది పర్సన్ మంత్‌ల పని. ఫలితాల విశ్లేషణకు, నివేదికకు మరో రెండు కలిపితే పదకొండు. దరఖాస్తును పరిశీలించే నిపుణుడు 'పదకొండు ఎందుకు?' అని సందేహిస్తే, సమాధానం మీ పనుల వివరణలోనే దొరకాలి. శాస్త్రీయ నాణ్యత, ప్రభావం, అమలు అనే మూడు అంశాలకు సాధారణంగా అయిదేసి మార్కులుంటాయి. ఈ పొంతన లేకపోతే మూడో అంశంలో మార్కులు పోతాయి. ఆలోచన ఎంత గొప్పదైనా అక్కడ అది ఆదుకోదు.

ఇప్పుడు డబ్బు. పరిశోధకుడికి నెలకు అయ్యే ఖర్చు అంటే అతని చేతికి వచ్చే జీతం కాదు, పన్నుకు ముందున్న జీతం కూడా కాదు. దానిపై సామాజిక భద్రత కోసం విశ్వవిద్యాలయం కట్టే వాటా కూడా కలిపిన మొత్తం. అది 6,500 యూరోలు అనుకుంటే పదకొండు పర్సన్ మంత్‌లకు 71,500 అవుతుంది. 54 ప్రయాణాలకు వంద చొప్పున 5,400, రసాయనాలు, సీసాల వంటి సామగ్రికి 12,000 వేసుకోండి. పరికరం దగ్గర జాగ్రత్త అవసరం: పిలుపులో (దరఖాస్తులు కోరుతూ ఇచ్చే ప్రకటనలో) ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప దాని పూర్తి ధర ఇవ్వరు, తరుగుదల మాత్రమే ఇస్తారు. అయిదేళ్ల ఆయుష్షు ఉన్న 20,000 యూరోల పరికరాన్ని 18 నెలలు పూర్తిగా ఈ పనికే వాడితే మీరు చూపగలిగేది 6,000 మాత్రమే. ఇవన్నీ కలిపితే 94,900. దీనిపై భవనం, కరెంటు, కార్యాలయం వంటి పరోక్ష ఖర్చుల కింద 25 శాతం, అంటే 23,725 చేరి మొత్తం 1,18,625 అవుతుంది. కొన్ని పరీక్షలను బయటి ల్యాబ్‌కు 10,000 యూరోల సబ్‌కాంట్రాక్ట్‌గా ఇస్తే అది విడిగా కలుస్తుంది గానీ, దానిపై 25 శాతం వేయకూడదు. ఈ పొరపాటు చేసి 2,500 ఎక్కువ చూపినవారిని చాలామందిని చూశాను.

ఇంకొక సంగతి. నిజంగా అయిన ఖర్చునే చెల్లించే వాస్తవ ఖర్చుల పద్ధతిలో నడిచే దరఖాస్తుల్లో ఒక భాగస్వామి ప్రయాణాలు, పరికరాలు, సామగ్రి కలిపి చూపే ఖర్చు వారి సిబ్బంది ఖర్చులో 15 శాతం దాటితే విడిగా ఒక పట్టికలో కారణాలు రాయాలి. పై లెక్కలో అది 23,400, పరిమితి 10,725. కనుక ఆ పట్టికను మీరు నింపక తప్పదు.

మీ పిలుపు ముందే ఖరారు చేసిన సొమ్ము ఇచ్చే ఏకమొత్తం పద్ధతిదా కాదా అన్నది మొదటి రోజే ప్రొఫెసర్‌ను అడగండి. ఆ పద్ధతిలో ఖర్చుల రసీదులు చూడరు, వర్క్ ప్యాకేజీ పూర్తయిందా అని చూస్తారు. పూర్తయితేనే దాని వాటా సొమ్ము విడుదలవుతుంది. మూడేళ్లు సాగే ఒకే పెద్ద ప్యాకేజీ రాస్తే, ముందుగా ఇచ్చే అడ్వాన్సు పోగా మిగతా డబ్బు చివరిదాకా రాదు. అందువల్ల నివేదికల గడువులను చూసుకొని పనిని రెండు ప్యాకేజీలుగా విడదీయడం మేలు.

ఇక భవిష్యత్తు గురించి. మీరు పరిశోధకుడిగానే కొనసాగితే, రేపు పీహెచ్‌డీ తరువాతి పరిశోధనకు యూరోపియన్ యూనియన్ ఇచ్చే మేరీ క్యూరీ పోస్ట్ డాక్టోరల్ ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసినప్పుడు ఇది అక్కరకొస్తుంది. అక్కడ భత్యాలు ముందే నిర్ణయమై ఉంటాయి కాబట్టి బడ్జెట్ రాసే పని లేదు. కానీ వర్క్ ప్యాకేజీలు, ఏ పని ఏ నెలల్లో జరుగుతుందో చూపే గాంట్ చార్ట్ కావాలి, అమలుకు 20 శాతం మార్కులుంటాయి. పరిశోధన వదిలినా దారి మూసుకుపోదు. యూరప్ విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి దరఖాస్తులు, బడ్జెట్లు చూసుకునే కార్యాలయాలు ఉన్నాయి, ఈ వృత్తిలో ఉన్నవారికి ఎర్మా అనే సంఘం ఉంది. అయితే జర్మనీలో అలాంటి ఉద్యోగానికి సాధారణంగా జర్మన్ భాష బాగా వచ్చి ఉండాలి. ఇంగ్లిష్‌తో నెట్టుకురావచ్చన్న ఆశ పెట్టుకోవద్దు. తిరిగి రావాలనుకుంటే, పరిశోధనలకు నిధులిచ్చే, హైదరాబాద్ కేంద్రంగా ఉన్న ఇండియా అలయన్స్ 2018లో పరిశోధనా నిర్వహణ కోసం ఇర్మీ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. మన దగ్గర ఈ రంగం చిన్నదే, ఉద్యోగాలు తక్కువ, కానీ పోటీ కూడా తక్కువే.

పీహెచ్‌డీ మానేసి ఇందులోకి దూకమని మాత్రం చెప్పను. ఈ పనికి ఎన్ని వారాలు ఇవ్వగలరో ప్రొఫెసర్‌తో ముందే తేల్చుకోండి; దరఖాస్తులోని పరిశోధకుల పట్టికలో మీ పేరు చేర్చమని అడగండి. ఫలితం ఏదైనా మూల్యాంకన నివేదిక వస్తుంది, దాని ప్రతి తప్పకుండా తీసుకోండి. దరఖాస్తు సమర్పించే పోర్టల్‌లో గడువు సాధారణంగా బ్రస్సెల్స్ సమయం ప్రకారం సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది గానీ, మీ విశ్వవిద్యాలయ కార్యాలయం బడ్జెట్‌ను అంతకంటే చాలా ముందే అడుగుతుంది. ఆ లోపలి గడువు ఏ తేదీనో, పరిశోధకుడికి నెలకు ఎంత ఖర్చు వేసుకోవాలో ఈ వారమే ఆ కార్యాలయానికి మెయిల్ రాసి తెలుసుకోండి.