నాటకానికి మళ్లీ జనం వస్తుంటే పాత అభిమానులు ఎందుకు సణుగుతున్నారు?

మీరు అడిగింది ఇదీ: సురభి నాటకాలకీ పద్యనాటకాలకీ ఈమధ్య సిటీలో కుర్రకారు బాగానే వస్తున్నారు, కృష్ణుడి పద్యాలు రీల్స్‌లో తెగ తిరుగుతున్నాయి, మరి ఏళ్ల తరబడి నాటకాలు చూస్తున్నవాళ్లు సంతోషించాల్సింది పోయి ఎందుకు సణుగుతున్నారు అని.

సణిగేవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

మాది తెనాలి పక్కన పల్లె. మా పెదనాన్నగారు చుట్టుపక్కల ఊళ్లలో నాటకాలకు హార్మోనియం వాయించేవారు. శివరాత్రికో శ్రీరామనవమికో నాటకం పెట్టిస్తే రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారే దాకా నడిచేది. ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చాక ఆ లోటు కొంత తీర్చింది సురభి. పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో మాయాబజార్ వేస్తుంటే వెళ్లేవాణ్ణి. చాలాసార్లు సగానికి పైగా సీట్లు ఖాళీ. వచ్చిన ఆ కొద్దిమందీ ముఖపరిచయం ఉన్నవాళ్లే. ఇంటర్వెల్‌లో టీ తాగుతూ, ఇవాళ శశిరేఖకు జలుబు చేసినట్టుందనో, పోయినసారి వేసిన ఘటోత్కచుడే నయమనో మాట్లాడుకునేవాళ్లం. అవతలివాళ్ల పేరేమిటో, ఏం పనిచేస్తారో కూడా తెలిసేది కాదు, కానీ ఏ పద్యం అంటే ప్రాణమో తెలిసేది.

సురభి గురించి బొత్తిగా తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ ఆడించడంతో ఇది మొదలైంది. కుటుంబం కుటుంబమంతా నటులే. నడక వచ్చిన పిల్లవాడికి బాలకృష్ణుడి వేషం, కాస్త మాట తిరిగితే ప్రహ్లాదుడు. మగవాళ్లే ఆడవేషాలు కట్టే కాలంలో వీళ్ల నాటకాల్లో ఆడవాళ్లే ఆ పాత్రలు వేశారు. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాదలో లీలావతిగా వేసిన కమలాబాయి సురభి ఇంటి ఆడపడుచే. ఆ టాకీలే ఆ తర్వాత వీళ్ల ప్రేక్షకుల్ని ఎత్తుకుపోయాయి. పదుల సంఖ్యలో ఉన్న సురభి నాటక సమాజాలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని మిగిలాయి. పరదాలు, కిరీటాలు, రేకుల హాలు, పిల్లాజెల్లాతో సహా ఊరూరా తిరిగినవాళ్లలో చాలామంది ఇవాళ లింగంపల్లి సురభి కాలనీలో స్థిరపడ్డారు.

ఇంత తెలిసినవాడికి హాలు నిండితే సంతోషం కాదా అంటే, సంతోషమే. మొదటిసారి హౌస్‌ఫుల్ చూసినప్పుడు నిజంగానే కళ్లు చెమర్చాయి. ఆ వెంటనే, ‘ఇన్నాళ్లూ వీళ్లంతా ఎక్కడున్నారు’ అని కూడా అనిపించింది. కష్టకాలంలో మొహం చూపించని చుట్టాలు పెళ్లికి ముందు వరసలో కూర్చుంటే ఇంట్లోవాళ్లకు ఎలా ఉంటుందో అలా. అది పెద్దగా పట్టించుకోవాల్సిన బాధ కాదు. ఒకటి రెండు నాటకాలు చూసేసరికి అదే పోతుంది. పోకుండా ఉండిపోయేది ఇంకొకటి ఉంది, దాన్ని ఒక ఉదాహరణతో చెప్పాలి.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లోని రాయబారం సీను తీసుకోండి. ‘జెండాపై కపిరాజు’ పద్యం మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. కృష్ణుడు చేయి చాచి గొంతెత్తి పాడతాడు, వెనకాల ఎవరో డోలు, గిటారు కలిపిన మ్యూజిక్ పెడతారు, కింద ‘ఎలివేషన్ అంటే ఇదీ’ అని రాస్తారు. చూడటానికి బాగానే ఉంటుంది. కానీ నాటకంలో ఆ పద్యం దగ్గరికి కృష్ణుడు ఎలా వస్తాడు? ముందు ‘చెల్లియో చెల్లకో’ అంటూ బతిమాలతాడు. జరిగిందేదో జరిగింది, వాళ్లు ఓర్చుకున్నారు, నన్ను దూతగా పంపారు, నీ పిల్లలూ ప్రజలూ బాగుండేలా సంధి చేస్తావా లేక యుద్ధమే అంటావా అని నెమ్మదిగా అడుగుతాడు. దుర్యోధనుడు వినడు. అప్పుడు ధర్మరాజు సంగతి ఎత్తుతాడు. కోపమంటే తెలియనివాడికే కోపం వస్తే ఏమవుతుందో చూసుకో అంటాడు. అప్పటికీ వినడు. ఆ తర్వాత గానీ జెండా మీద కపిరాజు రాడు. అర్జునుడు గాండీవం పట్టి నీ సేనను చీల్చి చెండాడుతున్నప్పుడు, నేను ఆ రథం తోలుతున్నప్పుడు, ఇక సంధి అని నువ్వు మొరపెట్టుకున్నా వినే నాథుడుండడు అని చెప్పడం. బెదిరింపే, కానీ ఆ బెదిరింపు వెనక ఈ యుద్ధం ఎలాగైనా ఆగితే బాగుండునన్న ఆశ ఉంది. మంచి కృష్ణుడు చివరి పాదానికి వచ్చేసరికి గొంతు కొంచెం తగ్గిస్తాడు. పెదనాన్నగారు అక్కడ హార్మోనియం బెల్లోస్ మీద చెయ్యి దాదాపు ఆపేసేవారు. సభలో ఎవరూ కదిలేవారు కాదు. ఆ తర్వాతే రాగం, ఆ తర్వాతే ఈలలు, ఒన్స్‌మోర్‌లు.

ముప్పై సెకన్ల ముక్కలో ఉండేది ఆ ఈలలే. అంతకు ముందున్న గంట ఉండదు. సరే, రీల్ అంటే అంతే, అందులో అంతకన్నా పట్టదు. నా బాధ రీల్ గురించి కాదు. ఆ రీల్ చూసి వచ్చిన జనం కోసం నాటకాన్నే రీల్ కొలతకు కత్తిరించడం గురించి.

ఇది నేను దగ్గర నుంచి చూశాను. సిటీ శివార్లలో ఒక రిసార్టువాళ్లు ఏదో పండక్కి మాయాబజార్ పెట్టించారు. నలభై నిమిషాల్లో అయిపోవాలన్నారట. ‘పద్యాలు వద్దండీ, ట్రిక్కులు మాత్రం వేయండి చాలు’ అన్నారట. వాళ్లకు కావాల్సినవన్నీ వేశారు. రెండు వింగ్‌ల నుంచి సన్నటి తీగ మీద బాణాలు దూసుకొచ్చి స్టేజీ మధ్యలో ఢీకొని నిప్పులు రాలాయి. లడ్డూలు గాల్లో లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోయాయి. పిల్లలు కేరింతలు కొట్టారు, పెద్దలు ఫోన్లు పైకెత్తారు. నాకూ ఆ బాణాలంటే ఇష్టమే. చిన్నప్పుడు తీగ ఎక్కడుందో కనిపెట్టాలని ముందు వరసకు పాకి వెళ్లినవాణ్ణి. కానీ ఆ రోజు శశిరేఖగా వేసిన అమ్మాయి బాగా పాడే పిల్ల. ఒక్క పద్యం లేకుండా అటూ ఇటూ నడిచి వెళ్లిపోయింది. అయిపోయాక గ్రీన్‌రూమ్‌లో పలకరిస్తే, ‘డబ్బులు బాగానే ఇచ్చారు బాబాయ్, పాడకుండా రావడమే ఎలాగో ఉంది’ అంది. నిష్ఠూరంగా కూడా అనలేదు. రెండూ నిజమేనన్నట్టు మామూలుగా అంది.

డబ్బులు బాగానే ఇచ్చారన్న ఆ మొదటి మాటను పాత అభిమానులు తేలిగ్గా తీసేస్తారు. అది నాకు నచ్చదు. ఖాళీ కుర్చీల ముందు ఆడిన రోజుల్లో మనం మహా అయితే టికెట్ కొన్నాం, భళా అన్నాం, ఇంటికి వెళ్లిపోయాం. కిరీటాలకు మెరుగులు, పరదాలకు రంగులు, పిల్లల ఫీజులు, ఇవన్నీ వాళ్లు పడ్డారు. సురభి బాబ్జీగా అందరికీ తెలిసిన నాగేశ్వరరావుగారికి 2013లో పద్మశ్రీ వచ్చినప్పుడు మేమంతా మాకే వచ్చినట్టు సంబరపడ్డాం. కానీ బిరుదుతో లారీ కిరాయి తీరదు. పరదాలు, సామాన్లు, తీగలు, లైట్లు, ఇంతమంది మనుషులు, సురభి నాటకం కదలాలంటే ఒక ఊరు కదిలినట్టే. ఆ ఖర్చు పెట్టుకునేవాళ్లు ఇవాళ దొరికారంటే, దొరకనివ్వండి.

ఇంకో సంగతి. పాతదంతా శుద్ధంగా ఉండేది, ఇప్పుడే పాడైపోతోంది అనేవాళ్లకు నాటకాల చరిత్ర గుర్తు చేయాలి. ఒకే రాత్రి ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని సీనుకొక కృష్ణుణ్ణి దించింది ఎవరి కోసం? జనం కోసమే. ఒక పద్యానికి నాలుగు ఒన్స్‌మోర్‌లు కొట్టించి, మధ్యలో మైకులో చదివింపులు చదివించి, కథను అక్కడే నిలబెట్టేసింది మన తాతలే. ఇది నాటకమా రాగాల కచేరీయా అని అప్పటి పండితులు మొత్తుకున్నారు కూడా. పేరున్న రంగస్థల దర్శకుడు బి.వి. కారంత్‌గారు వచ్చి సురభివాళ్లతో కొత్త పద్ధతిలో నాటకాలు చేయించినప్పుడు మాలో కొందరు ఇది సురభి కాదన్నారు. ఆయన చేయించిన వాటిలో బస్తీ దేవత యాదమ్మ ఒకటి. బ్రెహ్ట్ జర్మన్ నాటకాన్ని మన బస్తీలోకి తెచ్చి ఆడారు. ముందు అదేమిటన్నవాళ్లే తర్వాత అందులోని నటన గురించి గొప్పగా చెప్పుకున్నారు.

జనం కోసం మార్చుకుంటూ పోతే ఏమవుతుందో చెప్పడానికి చింతామణి ఉంది. కాళ్లకూరి నారాయణరావుగారు వేశ్యాలోలత్వం కొంపలు ఎలా ముంచుతుందో చెప్పడానికి రాసిన నాటకం అది. బిల్వమంగళుడి పతనం, భవానీశంకరుడి బతుకు, చివరికి చింతామణిలో వచ్చే మార్పు, ఇదీ దాని వెన్నెముక. సుబ్బిశెట్టి వచ్చినప్పుడు జనం నవ్వారు. నవ్వారు కదా అని ఆ పాత్రను పెంచారు. కాంట్రాక్టరు నటుల్ని పోగేసి ఆడించే కాంట్రాక్టు నాటకాల్లో పెరిగి పెరిగి, రచయిత రాయని బూతులూ వెకిలి మాటలూ చేరాయి. కొన్ని ఊళ్లలో ఆ సీను కోసమే నాటకం పెట్టించేవారు, అది అయిపోగానే సగం జనం లేచేవారు. తమ సామాజికవర్గాన్ని కించపరుస్తున్నారని ఆర్యవైశ్యులు ఏళ్ల తరబడి అభ్యంతరం చెప్పారు. చివరికి 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం తప్పా ఒప్పా అన్నది వేరే చర్చ. నేను చూస్తున్నది ఒక్కటే: చప్పట్లు ఎక్కడ పడుతున్నాయో చూసి అక్కడే నాటకాన్ని ఉబ్బించుకుంటూ పోయారు, ఆ ఉబ్బిన చోటే తెగింది. సంస్కరణ కోసం రాసిన మనిషి పేరు ఆ గొడవలో తలచుకున్నవాళ్లు కూడా తక్కువే.

అందుకే రిసార్టు షో నన్ను అంత కలవరపెట్టింది. ట్రిక్కులకు చప్పట్లు పడుతున్నాయి కాబట్టి ట్రిక్కులే మిగిలితే, ఆ పాట తెలిసిన పిల్ల తన కూతురికి ఏం నేర్పుతుంది? పద్యం పుస్తకంలో ఉంటుంది, పోదు. పాడే తీరు ఒకళ్ల నోటి నుంచి ఇంకొకళ్ల చెవికి వెళ్లాల్సిందే. ఎక్కడ ఊపిరి తీసుకోవాలి, సమాసాన్ని ఎక్కడ విరవకూడదు, హార్మోనియం ఎక్కడ ఆగాలి, ఇవి ఏ స్క్రిప్టులోనూ రాసి ఉండవు. పాడే అవకాశం రాకపోతే ఒక తరంలో పోతాయి. ఒకప్పుడు నటుడు పద్యంలో ఒక మాట మింగేస్తే ముందు వరసలో తాతగారెవరో అందించేవారు. అలా అందించగల ప్రేక్షకుడు కూడా నాటకంలో భాగమే, ఆయన కూడా సగం నాటకం చూస్తే తయారుకాడు.

ఇక కొత్తవాళ్ల గురించి నా అభిప్రాయం మారడానికి కారణం మా ఆఫీసులో ఒక అబ్బాయి. ఇంగ్లిష్ మీడియం, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు. జెండాపై కపిరాజు రీల్ చూపించి ‘సార్, ఇందులో కపిరాజు ఎవరు?’ అని అడిగాడు. అర్జునుడి జెండా మీద ఉండే హనుమంతుడని చెప్పాను. మర్నాడు వచ్చి ‘మరి ఆ ముందు తెల్ల గుర్రాలు ఎవరివి?’ అన్నాడు. వారం తిరిగేసరికి రాయబారం సీను మొత్తం యూట్యూబ్‌లో పెట్టుకుని చూస్తున్నాడు, దుర్యోధనుడి మాటల్లో కూడా న్యాయం ఉందని నాతో వాదిస్తున్నాడు. ఇప్పుడు మేమిద్దరం కలిసే నాటకాలకు వెళ్తున్నాం. అతను ఈల వేయడు, ఫోన్ ఎత్తడు, అర్థం కానిచోట నా మోచేతిని పొడుస్తాడు. ట్రెండ్ లేకపోతే ఆ అబ్బాయి ఈ గుమ్మం తొక్కేవాడే కాదు. వందమంది రీల్ చూసి వస్తే ఇలాంటివాడు ఒక్కడు మిగిలినా నాకు చాలు. మిగతా తొంభైతొమ్మిది మంది టికెట్ డబ్బులతో ఆ లారీ కదులుతుంది.

కాబట్టి జనం రాకూడదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. పెట్టించేవాళ్లను మాత్రం ఒకటి అడుగుతాను. అపార్ట్‌మెంట్‌లో వినాయకచవితికైనా, కంపెనీ ఫంక్షన్‌కైనా నాటకం పెట్టిస్తుంటే, నిమిషాలు తగ్గించాల్సి వచ్చినప్పుడు పది సీన్లు తలా కాస్త కోయించకండి. ఒక్క సీను ఎంచుకుని పూర్తిగా ఆడించండి. రాయబారం ఒక్కటే పెట్టండి, లేదా హరిశ్చంద్రలో కాటిసీను ఒక్కటే పెట్టండి. కాటిసీనులో జాషువాగారి పద్యాలు పాడతారు, వాటిని విన్న పిల్లలు అల్లరి మానేసి వినడం నేను చూశాను. ఏ పద్యం తీసేయాలో మీరు చెప్పకండి, సమాజంవాళ్లకే వదిలేయండి.

చూడటానికి వెళ్లేవాళ్లు మీరైతే, సిటీలో ఏసీ హాల్లో ఒకసారి చూశాక, శివరాత్రి తిరునాళ్లకు గుంటూరు, ప్రకాశం జిల్లాల వైపు వెళ్లి ఒక రాత్రి కూర్చోండి. దుప్పటి పట్టుకెళ్లండి, తెల్లవారుజామున చలేస్తుంది. పక్కన కూర్చున్న పెద్దాయన్ని ‘తర్వాత ఏం పద్యమండీ’ అని అడగండి చాలు, ఆయనే మొదలుపెడతాడు.