జపాన్ వెళ్తున్నారా? తిండి గోల ఇక్కడే తేల్చుకుందాం

చెర్రీ పూల సీజన్ దగ్గరపడేసరికి ఈసారి ఉత్తరాలన్నీ జపాన్ మీదే వచ్చాయి, అందులోనూ తిండి గురించే. టెంపుల్స్ ఏవి చూడాలని ఒక్కరూ అడగలేదు, మంచిదే.

ప్రశ్న: ఏప్రిల్లో నేనూ మావారూ టోక్యో, క్యోటో, ఒసాకా వెళ్తున్నాం. ఫోన్లో వెతికితే 4.7, 4.8 రేటింగ్ ఉన్న రెస్టారెంట్లు బోలెడు వస్తున్నాయి గానీ ఫొటోలు చూస్తే లోపలంతా టూరిస్టులే. అక్కడివాళ్లు రోజూ తినే మామూలు షాపులు ఎలా పట్టుకోవాలి? మరీ ఖరీదైనవి వద్దు. — ఒక పాఠకురాలు

జవాబు: మీ అనుమానం కరెక్టేనమ్మా. జపాన్‌లో గూగుల్ మ్యాప్స్ 4.8 చూపిస్తే నేనైతే కాస్త ఆగుతాను, ఎందుకంటే అక్కడివాళ్లు మార్కులెయ్యడంలో పిసినారులు, బాగా నచ్చినా మూడిచ్చి ఊరుకుంటారు, అయిదుకి అయిదు వేసేది ఎక్కువగా మనలా బయట్నుంచి వెళ్లినవాళ్లే. పైగా కొన్నిచోట్ల రివ్యూ రాస్తే ఒక డ్రింక్ ఫ్రీ అని టేబుల్ మీద కార్డు పెట్టి మరీ రాయిస్తారు. లోకల్స్ చూసేది తాబెలోగ్ అనే సైటు, యాప్ కూడా ఉంది. అందులో 3.5 దాటిందంటే ఆ షాపుకి తిరుగులేదు, 3.2, 3.3 ఉన్నవాటిలో కూడా హాయిగా తినొచ్చు. మన కళ్లకి 3.2 అంటే అత్తెసరు మార్కుల్లా కనిపిస్తుంది కదా, అందుకే చాలామంది మంచి షాపుల్ని చూస్తూ చూస్తూ దాటేసి పోతారు.

అయినా నన్నడిగితే ఫోన్ కన్నా గుమ్మం నయం. గుమ్మానికి అడ్డంగా నోరెన్ అని గుడ్డ తెర వేలాడుతుంటే షాపు తెరిచినట్టు, అది తీసి లోపల పెట్టేశారంటే లైట్లు వెలుగుతున్నా సరే తలుపు తియ్యకండి. తర్వాత మెనూ చూడండి. సుషీ, రామెన్ (సూప్‌లో వేసే నూడుల్స్), టెంపురా (పిండిలో ముంచి వేయించినవి), వాగ్యు (జపాన్ గొడ్డు మాంసం) స్టేక్ అన్నీ ఒకే బోర్డు మీద, అదీ నాలుగు భాషల్లో, రంగురంగుల ఫొటోలతో ఉంటే దణ్ణం పెట్టి వచ్చెయ్యండి. జపాన్‌లో మంచి షాపు సాధారణంగా ఒక్క వంటనే పట్టుకుని కూర్చుంటుంది. సోబా (బక్‌వీట్ నూడుల్స్) వాడు సోబానే చేస్తాడు, తోంకత్సు వాడు రోజంతా ఆ పంది కట్లెట్లే వేయిస్తుంటాడు, ఈల్ చేప కాల్చేవాడు ఇంకేదీ ముట్టుకోడు. ఎనిమిది సీట్ల కౌంటరు, లోపల ఒక పెద్దాయన, గోడకి చేత్తో రాసిన కాగితాలు, టై కాస్త వదులు చేసుకుని వంచిన తల ఎత్తకుండా తింటున్న ఆఫీసువాళ్లు, ఇలా కనిపిస్తే ఇక రేటింగ్ చూడక్కర్లేదు. కిటికీలో ప్లాస్టిక్ బొమ్మ వంటకాలున్న షాపుల్ని చీప్ అనుకోకండి, అవి తరతరాలుగా ఉన్న అలవాటు, మీకే సుఖం, వేలు పెట్టి చూపించొచ్చు.

ఖరీదు సంగతికొస్తే అసలు కిటుకు మధ్యాహ్నం భోజనంలో ఉంది. రాత్రి మనిషికి 5000, 6000 యెన్లు లాగే షాపు కూడా మధ్యాహ్నం 1000, 1500లో లంచ్ సెట్ పెడుతుంది, వండేది అదే చెయ్యి. తేయిషోకు అంటే అన్నం, మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) సూప్, పచ్చడిముక్కలు, ఒక మెయిన్ ఐటం, మామూలు వీధుల్లో 800 నుంచి 1200 లోపు దొరుకుతుంది, ఆ రోజు స్పెషల్ అయితే ఇంకాస్త తక్కువే. టైం మాత్రం పాటించాలి. సరిగ్గా పన్నెండుకి ఆఫీసులన్నీ ఒక్కసారి వీధిలో పడతాయి కాబట్టి పదకొండుంబావుకో, ఒంటిగంట దాటాకో వెళ్లండి. రెండు, రెండున్నరకి చాలా షాపులు మూసేసి మళ్లీ అయిదింటికి గానీ తియ్యరు. మూడింటికి ఆకలేస్తుందంటే ఇక చైన్ రెస్టారెంట్లే గతి. చైన్లంటే చులకనేం లేదు, యాయోయికెన్, ఓతోయా లాంటి చోట్ల తేయిషోకు శుభ్రంగా ఉంటుంది, మారుగామే సేయిమెన్‌లో ఉడోన్ (లావు నూడుల్స్) అక్కడికక్కడే చేసి ఉడికించి పెడతారు.

ఎక్కడ తిరగాలంటే, టూరిస్టు గుడి ముందు వీధిలో మాత్రం కాదు. ఆఫీసులు గానీ కాలేజీ గానీ ఉన్న పేట చూసుకోండి. టోక్యోలో షింబాషి రైలు పట్టాల కింద, కాందా-జింబోచో పాత పుస్తకాల వీధుల్లో (అక్కడ కర్రీ షాపులు ఫేమస్), వాసెదా యూనివర్సిటీ దగ్గర తకదనోబాబాలో రామెన్. క్యోటోలో నిషికి మార్కెట్ చూడ్డానికి వెళ్లండి గానీ కడుపు నింపుకోవడానికి కాదు, రామెన్‌కైతే చిన్న రైలెక్కి ఇచిజోజీ వెళ్లాలి, చుట్టూ స్టూడెంట్లే కాబట్టి రేట్లూ అందుబాటులో ఉంటాయి, గిన్నెలూ పెద్దవే. ఒసాకాలో దోతోంబోరి దీపాలు చూసి ఫొటో దిగేసి, భోజనానికి ఒసాకా స్టేషన్ దగ్గర ఏకిమాయే బిల్డింగ్స్ అని నాలుగున్నాయి, వాటి బేస్‌మెంట్‌కి దిగండి. పైన చూస్తే పాతబడ్డ ఆఫీసు బిల్డింగే, కింద మాత్రం చిన్న చిన్న షాపులు వరసగా ఉంటాయి, అన్నీ ఉద్యోగస్తుల కోసమే, బయట వాన కురిసినా మీకేం పట్టదు. స్టేషన్ కింద, స్టేషన్ పక్కన తిండి బాగోదనే లెక్క జపాన్‌లో చెల్లదు. టోక్యో స్టేషన్ యాయెసు వైపు బేస్‌మెంట్‌లో రామెన్ స్ట్రీట్ ఉంది, క్యోటో స్టేషన్ పదో అంతస్తులో ఇంకోటుంది. డిపార్ట్‌మెంట్ స్టోర్లలో పై అంతస్తులు కూడా చూడండి, పెద్దవాళ్లని తీసుకెళ్లేవాళ్లకి అవి దేవుడిచ్చిన వరం, లిఫ్టుంటుంది, కూర్చోడానికి మంచి కుర్చీలుంటాయి.

ఇంకొక్కటి, టీవీలో వచ్చిన ఫలానా షాపే కావాలని రెండు గంటలు క్యూలో నిలబడొద్దు. క్యూ పది, పదిహేను మంది దాటితే పక్క వీధిలోకి తిరగండి, అక్కడ అంతే బాగా చేసేవాడు ఖాళీగా కూర్చుని ఉంటాడు.

ప్రశ్న: మా అత్తగారు శుద్ధ శాకాహారి, గుడ్డు కూడా ముట్టరు. జపాన్‌లో వెజ్ సులువుగా దొరుకుతుందని ఒకరు, పస్తులే అని ఒకరు చెబుతున్నారు. — ఒక కోడలు

జవాబు: పస్తులుండక్కర్లేదు గానీ సులువని చెప్పినవాళ్లు దాషి సంగతి మర్చిపోయినట్టున్నారు. దాషి అంటే ఎండబెట్టిన బోనిటో చేప తురుము, సముద్రపు నాచు వేసి కాచిన రసం. అది మిసో సూప్‌లో ఉంటుంది, ఉడోన్ రసంలో ఉంటుంది, సోబా ముంచుకునే సాస్‌లో ఉంటుంది, ఉడికించిన గుమ్మడికాయ ముక్కలో కూడా ఉంటుంది. కంటికి కనిపించదు కాబట్టి "మాంసం లేదు కదా" అని అడిగితే లేదనే అంటారు, అందులో అబద్ధమేం లేదు, వాళ్ల దృష్టిలో ముక్క లేకపోతే లేనట్టే. కూరగాయల టెంపురా పిండిలో గుడ్డు కలుపుతారు. ఇనారి సుషీ చూడ్డానికి పక్కా వెజ్, పైన ఉన్న టోఫు తొడుగు మాత్రం చాలాసార్లు దాషిలో ఉడికిందే.

కాబట్టి నోటితో అడగడం మానేసి, మీరు దిగిన హోటల్ రిసెప్షన్‌లో జపనీస్‌లో ఒక చీటీ రాయించుకోండి, మాంసం, చేప, చేప రసం, గుడ్డు ఏవీ వద్దని విడివిడిగా రాయాలి. చీటీ చూపించాక షాపువాళ్లు చేతులు అడ్డంగా పెట్టి కుదరదంటే కోపం తెచ్చుకోవద్దు, తెలీకుండా ఏదో ఒకటి పెట్టేయడం కన్నా అదే మేలు. టోక్యో స్టేషన్‌లో గేట్ల లోపల టీస్ తాన్‌తాన్ అని పూర్తి వీగన్ (పాలు, గుడ్డు కూడా లేని) రామెన్ షాపుంది, నువ్వుల పేస్టుతో చేసిన సూప్ చిక్కగా, కాస్త కారంగా ఉంటుంది, ఆవిడకి నచ్చుతుందనే నా నమ్మకం. కోకో ఇచిబాన్యా చైన్‌లో చాలా బ్రాంచీల్లో వెజిటేరియన్ కర్రీ సాస్ విడిగా ఉంటుంది, ఆర్డర్ ఇచ్చేటప్పుడే అది కావాలని చెప్పాలి, మామూలు సాస్‌లో మాంసం సరుకు కలుస్తుంది. క్యోటోలో ఒక్కపూట ఖర్చు పెట్టగలిగితే అరషియామాలో తెన్ర్యూజీ గుడి ఆవరణలోనే షిగెత్సు అని సన్యాసుల పద్ధతి భోజనం పెట్టే చోటుంది, అది మామూలు షాపు కాదు, రేటూ మామూలుగా ఉండదు, కానీ ఆవిడ ఏ అనుమానమూ లేకుండా తినగలిగే చోటు.

మిగతా రోజులకి, చిన్న ఊళ్లో కూడా ఒక ఇండియన్ రెస్టారెంట్ ఉంటుంది, నడిపేది చాలావరకు నేపాలీలు, మధ్యాహ్నం సెట్‌లో పళ్లెం దాటి వేలాడేంత నాన్ వేస్తారు. పప్పు కూర ఉందా, నాన్ పిండిలో గుడ్డేమైనా వేశారా అని వాళ్లని హిందీలోనే అడిగేయొచ్చు.

ప్రశ్న: రామెన్ షాపులో ముందు మెషీన్లో టికెట్ కొనాలట, బటన్లన్నీ జపనీస్‌లోనే ఉంటాయట. వెనకాల జనం నిలబడి ఉంటే టెన్షన్ కదండీ. — కంగారు మనిషి

జవాబు: టెన్షనెందుకండీ. ఏమీ అర్థం కాకపోతే పైన ఎడమ చివర బటన్ నొక్కండి, సాధారణంగా ఆ షాపు స్పెషల్ అక్కడే పెడతారు. ముందు డబ్బులు, తర్వాత బటన్, ఆ తర్వాత టికెట్టూ చిల్లరా తీసుకోవాలి, చిల్లర కోసం కొన్ని మెషీన్లలో విడిగా ఒక లీవర్ తిప్పాలి. పాత మెషీన్లు 1000 యెన్ల నోటు, నాణేలు తప్ప ఏదీ మింగవు, పైగా 2024 జులైలో కొత్త నోట్లు వచ్చాయి, వాటిని తీసుకోని ముసలి మెషీన్లు ఇంకా తగుల్తుంటాయి, కాబట్టి 500, 100 నాణేలు పర్సులో ఉంచుకోండి. మరీ కంగారైతే వెనకాలవాళ్లని ముందుకి పంపేసి ఫోన్ కెమెరాతో ట్రాన్స్‌లేట్ చేసుకోండి, ఎవ్వరూ ఏమీ అనుకోరు. టికెట్ కౌంటర్ మీద పెడితే చాలు, మాట్లాడే పనే లేదు. హకాతా రకం రామెన్ అయితే నూడుల్స్ ఎంత గట్టిగా కావాలని అడుగుతారు, "కాతా" అంటే గట్టిగా ఇస్తారు, తిన్నాక ఆకలి తీరకపోతే 100, 150 యెన్లకి ఇంకో విడత నూడుల్స్ వేస్తారు, అందుకని సూప్ మొత్తం తాగేయకుండా కొంచెం ఉంచుకోవాలి. తిన్నాక అక్కడే కూర్చుని కబుర్లు మాత్రం చెప్పకండి, మీ సీటు కోసం బయట మనుషులుంటారు.

ప్రశ్న: పోయినేడాది ఒక ఇజకాయలో (మందూ చిరుతిళ్లూ దొరికే షాపు) మేం అడగని చిన్న గిన్నె ఏదో తెచ్చిపెట్టి మనిషికి 400 యెన్లు బిల్లేశారు. మోసమేనా? — ఒక బాధితుడు

జవాబు: కాదు సార్. దాన్ని ఓతోషి అంటారు, కూర్చున్నందుకు తీసుకునే చార్జీ అనుకోండి, 300 నుంచి 500 దాకా మామూలే, మీ ఆర్డర్ వచ్చేలోగా నంజుకోడానికి ఏదో పెడతారు. ఇష్టం లేకపోతే నిలబడి తాగే బార్లకి వెళ్లండి, అక్కడ చాలాచోట్ల ఈ గొడవ ఉండదు. మోసం వేరే చోట ఉంది, టోక్యోలో షింజుకు కబుకిచో లాంటి చోట్ల వీధిలో నిలబడి "రండి సార్, చీప్" అని పిలిచేవాళ్ల వెనకాల వెళ్లారా, బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. ఎంత మర్యాదగా పిలిచినా వెళ్లొద్దు.

ప్రశ్న: అయిదేళ్లది, ఎనిమిదేళ్లవాడు ఉన్నారు. పిల్లల్ని రానిస్తారా? — ఒక తండ్రి

జవాబు: ఎనిమిది సీట్ల కౌంటర్లకి నలుగురు వెళ్తే మీకూ ఇబ్బందే, వాళ్లకీ ఇబ్బందే. గుస్తో, సాయిజెరియా లాంటి ఫ్యామిలీ రెస్టారెంట్లకి వెళ్లండి, గుస్తోలో పిల్లి మొహం రోబో ప్లేట్లు తెచ్చిస్తుంటే మీ పిల్లలు ఇంకో చోటికి రామంటారు. బెల్టు మీద సుషీ తిరిగే చైన్లు కూడా మంచివే, అక్కడ మొక్కజొన్న, ఫ్రెంచ్ ఫ్రైస్ కూడా స్క్రీన్ మీద ఆర్డర్ చెయ్యొచ్చు. ఒక్క జాగ్రత్త, టేబుల్ పక్కన చిన్న నల్లటి బటన్‌తో కొళాయి ఉంటే అది చెయ్యి కడుక్కునేది కాదు, టీ కోసం మరిగే నీళ్లు వస్తాయి, చిన్నదాన్ని ఆ వైపు కూర్చోబెట్టొద్దు. 2020 ఏప్రిల్ నుంచి రెస్టారెంట్లలో సిగరెట్ మీద నిషేధం ఉంది గానీ కొన్ని పాత చిన్న షాపులకి మినహాయింపిచ్చారు, సిగరెట్ బొమ్మ స్టిక్కర్ అంటించి ఉన్నచోటికి ఇరవై ఏళ్లలోపు వాళ్లని రానివ్వరు.

ప్రశ్న: టిప్ ఎంతివ్వాలి? — ఒక పాఠకుడు

జవాబు: అసలివ్వొద్దు. టేబుల్ మీద వదిలేస్తే మీరు మర్చిపోయారనుకుని వీధి చివరిదాకా పరిగెత్తుకొచ్చి తిరిగిస్తారు. బిల్లు తీసుకుని గుమ్మం దగ్గర కౌంటర్లో కట్టండి, డబ్బులు చేతికి కాదు, అక్కడున్న చిన్న ట్రేలో పెట్టాలి.