సంఘపెద్ద కావడానికి బైబిల్ కళాశాల పట్టా తప్పనిసరా?

తప్పనిసరి కాదు, కొత్త నిబంధన సంఘపెద్దలో చూసేది నిందలేని నడవడిని, బోధించే సామర్థ్యాన్ని. ఈ రెండూ పరీక్ష రాస్తే వచ్చేవి కావు, అనుభవజ్ఞుల పక్కన ఏళ్ల తరబడి పనిచేస్తేనే అబ్బుతాయి. తిమోతినే చూడండి. తొలినాటి క్రైస్తవ ప్రచారకుడైన పౌలు అతణ్ణి లుస్త్ర ప్రాంతం నుంచి వెంట తీసుకెళ్లాడు, ప్రయాణాల్లో, కష్టాల్లో తోడుగా ఉంచుకున్నాడు. తర్వాత థెస్సలొనీక విశ్వాసులను బలపరచడానికి పంపాడు. ఆపైన ఎఫెసు సంఘాన్ని చూసుకోమన్నాడు. బాధ్యతను ఇలా మెల్లగా పెంచడమే ఇందులో అసలు విషయం. నేర్చుకున్నదాన్ని నమ్మకమైన మరికొందరికి అప్పగించమని తిమోతికి రాసిన రెండవ పత్రికలో (లేఖలో) కోరాడు కూడా.

పట్టా అక్కర్లేదంటే శిక్షణే అక్కర్లేదని చాలామంది పొరబడతారు. కొత్తగా విశ్వాసంలోకి వచ్చినవారికి పెద్దరికం ఇస్తే గర్వాంధులవుతారని హెచ్చరించింది పౌలే.