పక్కనే థేమ్స్ నది ఉండగా 1666లో లండన్ మంటల్ని ఎందుకు ఆర్పలేకపోయారు?

ఈ ప్రశ్న అడిగినవారు తాటాకిళ్ల వాడ అంటుకోవడం ఎప్పుడూ చూసి ఉండరనుకుంటాను. చూసినవాళ్లకు ఈ అనుమానం రాదు. గాలి తోడై నాలుగిళ్లు అంటుకున్నాక బిందెలతో పోసే నీళ్లు ఏ మూలకీ రావు. అప్పుడు చేయగలిగింది ఒకటే. మంట వస్తున్న దారిలో ఇంకా అంటుకోని ఇళ్లను మన చేతులతో మనమే పీకి పారెయ్యాలి. లండన్ వాళ్లకు ఈ సంగతి తెలియక కాదు. పీకమని చెప్పాల్సిన మనిషికి సమయానికి నోరు పెగల్లేదు.

ముందు మా ఊరి సంగతి చెబుతాను, లండన్ తర్వాత.

మాది కృష్ణా జిల్లాలో ఒక పల్లెటూరు. 1986 వేసవి, నాకు తొమ్మిదేళ్లు. మా వీధిలో పెంకుటిళ్లు రెండే. మిగతావన్నీ చూరుకు చూరు తగిలే తాటాకిళ్లు. చెరువు వంద గజాలు కూడా ఉండదు. అందరూ అన్నాలు తిని నడుం వాల్చిన వేళ, వీధికి పడమటి కొసన ఎవరో పొయ్యిలో బూడిద ఎత్తి పెంటకుప్ప మీద పోశారు. అందులో ఒక నిప్పుకణిక మిగిలింది. పడమటి గాలి దాన్ని రాజేసి పక్కనున్న గడ్డివామిలో వేసింది. అంతే.

నాకు బాగా గుర్తున్నది చప్పుడు. వెదురు కణుపులు టపాకాయల్లా పేలుతున్నాయి. మండుతున్న తాటాకు ముక్కలు గాలిపటాల్లా లేచి మూడిళ్ల అవతల పడుతున్నాయి. ఆడవాళ్లు చెరువు దగ్గర్నుంచి వరసగా నిలబడి బిందెలు అందిస్తున్నారు. ఒక ఇంటి మీద నీళ్లు పోస్తుండగానే దాని వెనకిల్లు అంటుకుంటోంది.

మా పెదనాన్న ఒక పొడుగాటి గడకు ఇనుప కొక్కెం కట్టించి తెచ్చాడు. మంట రెండో ఇంటి మీద ఉంది. మాది ఆరో ఇల్లు. ఆయన నేరుగా మా గుమ్మం ముందుకొచ్చి "ఇది పీకండ్రా" అన్నాడు. మా నాయనమ్మ గడప మీద కూర్చుంది. "నా ఇల్లు అంటుకోలేదురా, అంటుకున్నవాటి సంగతి చూడండి" అని లేవనంది. ఇద్దరు ఆడవాళ్లు రెండు రెక్కలూ పట్టి లేపారు. మగవాళ్లు పైకెక్కి వాసాల కట్లు కొడవళ్లతో తెగ్గోసి, కొక్కెం తగిలించి లాగితే కప్పు సగం ఒక్కసారిగా వీధిలో పడింది. ఆ తాటాకంతా చెరువులోకి ఈడ్చేశారు. మిగిలిన మట్టిగోడల మీద నీళ్లు కొట్టారు. పావుగంటలో మంట మా పక్కింటి దాకా వచ్చి, మోకాలెత్తు మొండిగోడలు తప్ప అందుకోవడానికి ఏమీ దొరక్క, అక్కడే కాలి కాలి చల్లారింది. మా వెనక నలభై ఇళ్లు నిలబడ్డాయి.

రెండో ఇంటినో మూడో ఇంటినో పీకొచ్చు కదా అని ఆ రోజు చాలామంది అన్నారు. పెదనాన్న లెక్క వేరు. పక్కింటిని పీకడం మొదలుపెడితే పని సగంలో ఉండగానే మంట మీదికొస్తుంది. నాలుగిళ్లు వదులుకుని ఐదోదో ఆరోదో పట్టుకోవాలి. ఆ మధ్యలో ఉన్నవాళ్లకు మాత్రం ఈ లెక్క ఎంత చెప్పినా ఎక్కదు.

ఇప్పుడు లండన్. 1666 సెప్టెంబరు 2, ఆదివారం, అర్ధరాత్రి దాటాక పుడ్డింగ్ లేన్‌లో థామస్ ఫారినర్ అనే రొట్టెల వ్యాపారి ఇంట్లో మంట లేచింది. ఇతను నౌకాదళానికి బిస్కెట్లు కాల్చి ఇచ్చేవాడు. ఇంటివాళ్లు మేడ కిటికీలోంచి పక్కింట్లోకి పాకి బయటపడ్డారు. పనిమనిషి భయపడి ఆగిపోయింది, చనిపోయింది. అది వానల్లేక ఎండిపోయిన వేసవి. ఇళ్లు చాలావరకు చెక్కవి, పై అంతస్తులు వీధి మీదకు పొడుచుకొచ్చి ఎదురిళ్లను దాదాపు తాకుతుండేవి. మాకు పడమటి గాలి, వాళ్లకు ఆ రోజు తూర్పు గాలి. కొండ దిగితే నది ఒడ్డున గోదాముల నిండా నూనె, కొవ్వు, తారు, జనపనార, బ్రాందీ. నది పక్కన ఉండటం వాళ్లకు లాభం కాలేదు సరికదా, మంటకు మేత అక్కడే దొరికింది.

వాళ్ల దగ్గర తోలు బకెట్లు, చేత్తో కొట్టే ఇత్తడి పిచికారీలు ఉండేవి. పొడుగాటి గడలకు బిగించిన ఇనుప కొక్కేలు చర్చిల్లో సిద్ధంగా ఉండేవి. పెదనాన్న చేతిలోదే, అచ్చం అదే వస్తువు. లండన్ బొమ్మల్లో మొదటిసారి దాన్ని చూసినప్పుడు నాకు నవ్వొచ్చింది, వెంటనే ఒళ్లు జలదరించింది కూడా.

మేయర్ సర్ థామస్ బ్లడ్‌వర్త్‌ను ఆ రాత్రే లేపుకొచ్చారు. పక్కిళ్లు కూల్చాలని అక్కడున్నవాళ్లు చెప్పారు. ఆయన మంటను చూసి, దీన్నొక ఆడమనిషి ఉచ్చ పోసి ఆర్పేయగలదని విసుక్కుని వెళ్లిపోయాడంటారు. చరిత్రలో ఆయనకు మిగిలింది ఈ ఒక్క మాటే, పాపం. కానీ ఆయన భయం వేరు. అక్కడ చాలా ఇళ్లు అద్దెవి, అసలు యజమానులు ఎక్కడున్నారో తెలియదు. వాళ్లనడక్కుండా కూల్చేస్తే రేపు ఖర్చు ఎవరు కట్టాలి?

తెల్లారేసరికి మంట లండన్ బ్రిడ్జి ఉత్తరపు కొసకు పాకి, దాని కింద నగరానికి నీళ్లు తోడే చక్రాల్ని కాల్చేసింది. ఇక నది ఉండీ లేనట్టే. నౌకాదళ అధికారి శామ్యూల్ పీప్స్ పడవెక్కి వెళ్లి రాజు రెండో చార్లెస్‌కు పరిస్థితి చెప్పాడు. ఏ ఇంటినీ వదలకుండా కూల్చమని రాజు హుకుం ఇచ్చాడు. అది పట్టుకుని పీప్స్ వెళ్తే మేయర్ మెడలో చేతిరుమాలుతో సొమ్మసిల్లేలా కనిపించాడట. జనం నా మాట వినడం లేదు, కూలుస్తూనే ఉన్నాం, మేం కూల్చే లోపే మంట దాటేస్తోంది అని మొత్తుకున్నాడట. చూశారా, పక్కింటి నుంచి మొదలుపెట్టిన ఫలితం. పైగా కూల్చిన కలపను ఈడ్చెయ్యడానికి వ్యవధి లేక, అదే మంటకు వంతెన అయింది.

అన్నట్టు ఈ పీప్స్ మంగళవారం తన వైన్‌నూ పర్మేజాన్ చీజ్‌నూ తోటలో గొయ్యి తీసి పాతిపెట్టుకున్నాడు. ఆ రోజు మా వీధిలో ఒకావిడ ఆవకాయ జాడీ ఒక్కటే చంకన పెట్టుకుని పరిగెత్తింది. నేనైతే ఇద్దర్నీ తప్పుపట్టను.

చివరికి రాజు తమ్ముడు డ్యూక్ ఆఫ్ యార్క్ రంగంలోకి దిగి మనుషుల్ని పోగేశాడు. మంటకు బాగా ముందున్న ఇళ్లను తుపాకిమందు పెట్టి పేల్చారు. మంగళవారం రాత్రి గాలి తగ్గింది. బుధవారానికి మంట చేతికొచ్చింది. అప్పటికి 13,200 ఇళ్లు, 87 చర్చిలు పోయాయి. సెయింట్ పాల్స్ అనే పెద్ద చర్చి కప్పు మీది సీసం కరిగి వీధుల్లో పారింది. రికార్డుకెక్కిన చావులు మాత్రం పదికి లోపే. ఆ వేడిలో పేదవాళ్ల శరీరాలు గుర్తుపట్టేలా మిగిలుంటాయా అని నా అనుమానం.

నది దక్షిణాన ఉన్న సౌత్‌వార్క్ మాత్రం ఎలా తప్పించుకుందో చూడండి. 1633లో వేరే అగ్నిప్రమాదంలో లండన్ బ్రిడ్జి మీద కొన్ని ఇళ్లు కాలిపోయాయి. తిరిగి పూర్తిగా కట్టలేదు, అక్కడ ఖాళీ మిగిలిపోయింది. 1666 మంట ఆ ఖాళీని దాటలేకపోయింది. ముప్ఫై మూడేళ్ల నిర్లక్ష్యం ఒక్క రోజు పనికొచ్చింది.

జపాన్‌లో ఎడో (Edo) అనే నగరం, అంటే నేటి టోక్యో, 1657లో ఇంతకంటే ఘోరంగా కాలింది. లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. ఆ తర్వాత వాళ్లు మంట దాటలేనంత వెడల్పు వీధులు వదిలారు. అప్పట్లో అక్కడి అగ్నిమాపక దళాల ముఖ్యమైన పనే ఇళ్లు పీకడం. అలాగని కూల్చడం అన్ని చోట్లా మంచిదని కాదు. 1906లో శాన్‌ఫ్రాన్సిస్కోలో భూకంపానికి నీటి గొట్టాలు పగిలిపోతే డైనమైట్ వాడారు. ఆ పేలుళ్లకే కొన్నిచోట్ల కొత్త మంటలు లేచాయి.

నేను 2013లో ఉద్యోగం మీద లండన్‌లో ఉన్నప్పుడు, ఆ అగ్నిప్రమాదానికి గుర్తుగా కట్టిన మాన్యుమెంట్ స్తంభం ఎక్కాను. దాని ఎత్తు 202 అడుగులు. మంట మొదలైన చోటికి కూడా అంతే దూరం. 311 మెట్లు, మెలికలు తిరుగుతూ. దిగాక సర్టిఫికెట్ ఒకటి చేతిలో పెట్టారు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి నాయనమ్మకు ఈ కథంతా చెప్పాను.

ఇక్కడ మీకు ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్లో ఆ ప్రమాదం అయ్యాక కాలిన ఇళ్లకు సాయం వచ్చింది. బియ్యం, దుప్పట్లు, కొంత డబ్బు. లిస్టులో మా పేరు లేదు. నాన్న వెళ్లి అడిగితే "మీ ఇల్లు కాలలేదు కదండీ" అన్నారు. నిజమే, కాలలేదు. మిగిలిన నలభై ఇళ్లలో ఓ పదిహేను మంది తలా కాస్త తాటాకు ఇచ్చి, వచ్చి కప్పు వేసి వెళ్లారు. మిగతావాళ్లు మా గుమ్మం ముందు నుంచి తల తిప్పుకుని వెళ్లేవాళ్లు.

ఫోన్‌లో నాయనమ్మ అంతా విని, "పడగొట్టిన ఇళ్లవాళ్లకి ఏమిచ్చారట?" అంది. నాకు జవాబు దొరక్క మేయర్ మీదకు మళ్లించాను. ఆయన ఆ రాత్రే ధైర్యం చేసి ఉంటే అంత ఊరు కాలేది కాదు కదా అన్నాను.

"భయపడడా మరి?" అంది. "మీ పెదనాన్నతో నేను రెండేళ్లు మాట్లాళ్లేదు."