బుజ్జమ్మకి, ఆ బట్టల గది లైట్ల గురించి

బుజ్జమ్మా,

నిన్న రాత్రి నువ్వు వాట్సాప్‌లో పంపిన బొమ్మలు ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. హైదరాబాద్ నల్లగండ్లలో సొంత ఫ్లాటు, అందులో బట్టలకే విడిగా ఒక గది! మీ అమ్మా నేనూ పెరిగిన ఇంట్లో ఆరుగురికీ కలిపి ఒకే ట్రంకు పెట్టె ఉండేది, దాని మీద పరుపులు పేర్చి ఉండేవి, పండక్కి ఒక్క పరికిణీ తీయాలంటే పరుపులన్నీ దించాలి, మళ్లీ పేర్చాలి. నువ్వు గదిలోకి నడిచివెళ్లి నిలబడి చీర ఎంచుకుంటావని తలుచుకుంటే సంతోషంతో నిద్ర పట్టలేదు.

నిద్ర పట్టకపోవడానికి ఇంకో కారణం ఆ మూడో బొమ్మ. అద్దాల తలుపుల అర, లోపల చుట్టూ లైటు పట్టీ, మధ్యలో మీ అమ్మ పెళ్లి చీర, కింద నువ్వు రాసిన మాట, "ఈ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది పెద్దమ్మా, దేవుడి గూట్లో లాగా" అని. అది చదివినప్పటి నుంచీ నాకు టెన్షన్‌గా ఉంది. ఫోన్లో చెబితే సగం మర్చిపోతాను, ఇంకో సగం నువ్వు నవ్వి కొట్టిపారేస్తావు, అందుకే కూర్చుని రాస్తున్నాను.

ముందు తేలికైనవి చెప్పేస్తాను. 6 బై 8 అడుగుల గది అన్నావు, కిటికీ లేదు. దానికి మీ ఇంటీరియర్ అబ్బాయి సీలింగ్‌లో తొమ్మిది స్పాట్ లైట్లు గీశాడు. అన్ని ఎందుకు? 12 వాట్ల ఎల్ఈడీ ప్యానెల్ లైట్లు రెండుంటే రెండు వేల ల్యూమెన్ల పైనే వెలుగు వస్తుంది, ఆ గదికి అది సరిపోతుంది. ఆ రెండూ సీలింగ్ మధ్యలో కాకుండా కప్‌బోర్డుల వైపు జరిపించు. లైటు నీకూ బట్టలకీ మధ్యలో ఉండాలి, నీ వెనక ఉంటే నువ్వు ఎదురుగా నిలబడగానే నీ నీడే అరల మీద పడుతుంది, నల్ల ప్యాంటు ఏదో నేవీ బ్లూ ప్యాంటు ఏదో తెలియదు. అరల లోపల పట్టీ లైటు పెట్టించుకుంటే వెనక గోడకి కాదు, ముందు అంచుకి లోపలి వైపు, పైనుంచి కిందికి పెట్టమను. అల్యూమినియం చానెల్లో, పైన పాల రంగు కవరు ఉండేలా. లేకపోతే చుక్కలు చుక్కలుగా కనబడి కళ్లలోకి కొడుతుంది. అద్దానికి రెండు పక్కలా ముఖం ఎత్తులో లైటు ఉండాలి. నెత్తి మీద ఒక్కటే ఉంటే కళ్ల కింద నీడలు పడి ఎంత కళగా తయారైనా పీక్కుపోయినట్టు కనబడతావు, ఆఫీసుకి దిగులుగా బయల్దేరతావు.

ఇక రంగు. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను చెప్పినట్టు వినాలమ్మా. విజయవాడ బీసెంట్ రోడ్డు పక్క సందులో ఇరవై ఆరేళ్లు చీరలు అమ్మినదాన్ని. మన షాపులో ట్యూబులైట్లే ఉండేవి, వాటి కింద కుంకుమ రంగూ మెరూనూ దాదాపు ఒక్కలాగే కనిపించేవి. అందుకే ఎవరైనా చీరకి జాకెట్టు ముక్క అడిగితే నేనో మీ పెద్దనాన్నో చీరనీ ముక్కనీ పట్టుకుని గుమ్మం బయటికి నడిచి ఎండలో చూపించేవాళ్లం. పొద్దుపోయాక వస్తే అమ్మేవాళ్లం కాదు, రేపు పొద్దున రండమ్మా అనేవాళ్లం. వీధిలో అప్పటి సోడియం దీపాల కింద చూస్తే ఇంకా ఘోరం, ఆకుపచ్చా వంగపండూ అన్నీ మట్టి రంగే. లోపల సరిగ్గా కలిసిన రెండు గుడ్డలు బయట కలవవు, బయట కలిసినవి పెళ్లి మంటపంలో కలవవు. వేరు వేరు రంగులతో అద్దిన గుడ్డలు ఒక లైటు కింద ఒక్కటిగా కనబడి ఇంకో లైటు కింద విడిపోతాయి, అద్దకం వాళ్లని అడిగితే వాళ్లూ ఇదే చెబుతారు.

ఇప్పుడు నీ గదికి కిటికీ లేదు కాబట్టి ఆ ఎండ పని లైటే చెయ్యాలి. షాపువాడు వామ్ వైటా, కూల్ వైటా అని అడుగుతాడు. లైటు రంగుని కెల్విన్లలో చెబుతారు. 3000 కెల్విన్ వామ్ లైటులో, అంటే పసుపు వెలుగులో, జరీ చాలా అందంగా మెరుస్తుంది, నిజమే, కానీ తెలుపూ మీగడ రంగూ లేత పసుపూ కలిసిపోతాయి. 6500 తెల్ల లైటు వేస్తే ఎర్ర చీర చచ్చిపోయినట్టుంటుంది, ఒంటి రంగు పాలిపోతుంది. మధ్యలో 4000 తీసుకో, నేచురల్ వైట్ అంటారు. గదిలో ఉన్న లైట్లన్నీ అదే తీసుకో, సీలింగ్‌ది ఒకటీ పట్టీది ఒకటీ వద్దు.

అయితే లైటు ఏ రంగులో ఉందన్నది ఒక సంగతి, దాని కింద గుడ్డ రంగు ఎంత సరిగ్గా కనిపిస్తుందన్నది వేరే సంగతి. రెండోదానికి సీఆర్ఐ అని ఒక అంకె వేస్తారు, నూటికి ఎంత అని. మామూలుగా దొరికే ఎల్ఈడీలు 80 దగ్గర ఉంటాయి. నువ్వు 90కి తక్కువైతే తీసుకోకు. ఇంకో మెలిక ఉంది. ఆ అంకెని ఎనిమిది లేత రంగుల మీద లెక్కకడతారు, ముదురు ఎరుపు అందులో ఉండదు. ఎరుపుకి విడిగా ఆర్9 అని ఉంటుంది. మన బట్టల్లో ఎరుపే కదా ఎక్కువ, అందుకని ఆర్9 కనీసం 50 ఉందా అని అడుగు. షాపువాడికి తెలియకపోతే నీ దగ్గరున్న ఎర్ర పట్టు చీర ఒకటీ, మెరూన్ జాకెట్టు ముక్క ఒకటీ తీసుకెళ్లి ఆ లైటు కింద పెట్టి చూడు, తర్వాత బయట ఎండలో చూడు. మొహమాటపడకు, డబ్బు నీది. ఫోన్లో ఫోటో తీసి మాత్రం నిర్ణయించకు, ఫోను తనకు తోచినట్టు రంగులు సర్దేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఇరవై ఐదేళ్లుగా నీకు చెప్పాలనుకుంటూ చెప్పలేకపోయాను.

1998 దసరాకి ముందు బీసెంట్ రోడ్డులో పెద్ద షాపులన్నీ హాలోజెన్ లైట్లు పెట్టించాయి. చిన్న బల్బు, దాని కింద పట్టు చీర నిప్పు కణికలా మెరిసేది. మన షాపుకీ కావాలని నేను పట్టుబట్టాను. మీ పెద్దనాన్న వద్దన్నారు, ట్యూబులైట్లు చాలన్నారు. వినలేదు. షోకేసులో 50 వాట్లవి నాలుగు పెట్టించాను. వాటి కింద పెట్టడానికి మామూలు చీర నాకు ఆనలేదు. మీ అమ్మ పెళ్లి చీర గుర్తొచ్చింది. 1989లో ధర్మవరంలో చెప్పి నేయించింది, వంకాయ రంగు ఒళ్లు, చిలకాకుపచ్చ అంచు. అలాంటిది మళ్లీ ఎక్కడా చూడలేదు నేను. రెండు నెలలు ఇవ్వవే, చూసి ఆర్డర్లు ఇస్తారు అన్నాను. మారు మాట్లాడకుండా ఇచ్చింది. ఆర్డర్లు వచ్చాయి కూడా, పదకొండు చీరలు నేయించి ఇచ్చాను. దసరా అయింది, సంక్రాంతి అయింది, పెళ్లిళ్లు వచ్చాయి, తీసి ఇచ్చేద్దామని అనుకుంటూనే రెండేళ్లు గడిపాను. పొద్దున పదింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా, రోజుకి 11 గంటలు, దాని మీద ఆ నాలుగు లైట్లు. షాపు కట్టేసే వేళకి షోకేసు అద్దం మీద చెయ్యి పెడితే చురుక్కుమనేది. అయినా నాకు అనుమానం రాలేదు.

2000 ఆగస్టులో మీ చిన్న మేనత్త పెళ్లికి కట్టుకుంటానని మీ అమ్మ వచ్చింది. నీకు తొమ్మిదేళ్లు, కౌంటర్ కింద కూర్చుని పెట్టెలతో ఆడుకుంటున్నావు. చీర తీసి ఆవిడ చేతిలో పెట్టాను, ఆవిడ విప్పింది. లోపల వంకాయ రంగు పెళ్లినాడు ఉన్నట్టే ఉంది. మడత అంచు వచ్చిన ప్రతిచోటా జానెడుకొక చార, బూడిద రంగులో. పైకి ఉన్న మడత మొత్తం వెలిసిపోయింది. ఒక మడత దగ్గర కొంచెం లాగేసరికి పట్టు పటుక్కున చిట్లింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినబడుతుంది బుజ్జమ్మా.

మీ అమ్మ ఒక్క మాట అనలేదు. చాలాసేపు చారల మీద వేలు పెట్టి రాస్తూ కూర్చుని, "పోనీలే అక్కా, కుచ్చిళ్లలో పోతుంది" అంది. అలాగే కట్టుకుంది. ఆ పెళ్లి ఆల్బమ్‌లో చూడు, ప్రతి ఫోటోలోనూ పైట భుజం చుట్టూ కప్పుకునే ఉంటుంది. అద్దకానికి ఇద్దామంటే అంచూ జరీ పాడైపోతాయన్నారు. హాలోజెన్లు ఆ సాయంత్రమే పీకించేశాను. చీర పాతబడి వెలిసిందని మీ అమ్మ నీకు చెప్పింది, నా ఎదురుగానే చెప్పింది. కాదమ్మా. నా వల్ల జరిగింది.

ఎల్ఈడీలో వేడి ఉండదు, యూవీ ఉండదు పెద్దమ్మా అంటావని తెలుసు. హాలోజెన్‌తో పోలిస్తే అది చాలా నయం, ఒప్పుకుంటాను. కానీ కంటికి కనబడే వెలుగు కూడా రంగుని తింటుంది. అందుకే మ్యూజియాల్లో పాత బట్టలని 50 లక్స్ దాటని మసక వెలుతురులో ఉంచుతారు. ఎంత వెలుగు, ఎన్ని గంటలు, ఆ రెండూ కలిపి లెక్క. పోయిన రంగు తిరిగి రాదు, దీపం ఆర్పేస్తే చీర కోలుకుంటుందని లేదు. నేను ఆ రెండేళ్లలో వేసిన లైటు ఆరున్నర వేల గంటలు అనుకో. నువ్వు రాత్రింబవళ్లు వెలిగిస్తే తొమ్మిది నెలల్లో అన్ని గంటలూ అయిపోతాయి.

అందుకని ఆ అరకి తలుపు తీస్తే వెలిగి, మూస్తే ఆరిపోయే స్విచ్ పెట్టించు. అద్దం తలుపు బదులు చెక్క తలుపైతే నాకు ఇంకా హాయి. గదిలో సీలింగ్ లైటుకి మోషన్ సెన్సర్ పెడతానన్నావు, మంచిదే, కానీ టైమరు కనీసం పది నిమిషాలకి పెట్టించు. కుచ్చిళ్లు సర్దుకుంటూ కదలకుండా నిలబడితే అది గదిలో ఎవరూ లేరనుకుని ఆరిపోతుంది.

కరెంటు సంగతి కూడా చెప్పనీ. మా వరసలో ఒక షాపు వైరు జాయింటు లూజై ఒక్క రాత్రిలో కాలిపోయింది, ఆ వాసన మూడు రోజులు పోలేదు, అప్పటి నుంచీ బట్టలున్న చోట వైరంటే నాకు భయం. పట్టీ లైట్లకి ఇంటి కరెంటుని సరిపడా తగ్గించి ఇచ్చే డ్రైవర్ అని ఒక డబ్బా ఉంటుంది కదా, దాన్ని లాఫ్ట్‌లో దుప్పట్ల కింద పెట్టనివ్వకు, గాలి ఆడే చోట, చెయ్యి అందే చోట ఉండాలి. దాని మీద మన దేశపు నాణ్యత గుర్తు బీఐఎస్ ముద్రా, ఆర్‌తో మొదలయ్యే నెంబరూ ఉన్నాయో లేదో నువ్వే చూడు. పట్టీ మొత్తం 40 వాట్లైతే డ్రైవర్ 50కి తక్కువ వద్దు. 12 వోల్టుల పట్టీ అయిదు మీటర్లు దాటించి ఒకేసారి లాగితే చివర మసకేస్తుంది, పొడుగు కావాలంటే 24 వోల్టులది అడుగు. వైర్లు ప్లైవుడ్ మీద ఊరికే అంటించడం కాదు, పైపులోంచి వెళ్లాలి. టెక్సస్‌లో మీ అన్న ఇల్లు కొన్నప్పుడు చెప్పాడు, అక్కడ బట్టల గదిలో కప్పు లేని ఫిలమెంట్ బల్బు, వేలాడే లైటు పెట్టనే కూడదట, లైటుకీ బట్టలకీ మధ్య 6 నుంచి 12 అంగుళాలు ఖాళీ ఉండి తీరాలట. మన దగ్గర ఎవరూ అడగరు, నువ్వు పాటించు. చివరగా, పైఅర నిండా సూట్‌కేసులు తోసి లైటుని నొక్కెయ్యకు, నీకు ఆ అలవాటుంది.

లైట్లు కొనే రోజు ముందుగా చెప్పు, శాతవాహన రైల్లో వచ్చేస్తాను, మోకాళ్ల సంగతి నేను చూసుకుంటాను. జాకెట్టు ముక్కలు నేనే తెస్తాను. ఈలోగా ఆ చీరని హ్యాంగర్ నుంచి తీసి, పాత మడత మీద కాకుండా వేరే చోట మడిచి, ఉతికిన తెల్ల నూలు గుడ్డలో చుట్టి చీకటిగా ఉన్న అరలో పెట్టు. కలరా ఉండలు చీర మీద వెయ్యకు, జరీ నల్లబడుతుంది. విప్పేటప్పుడు పైటకొంగు నుంచి మూడో మడత దగ్గర మెల్లగా పట్టుకో, చిట్లింది అక్కడే.

మీ పెద్దమ్మ